పౌర వ్యవహారాల కమిటీ వార్షిక నివేదిక – 2025: రెండు పార్టీలు కలిస్తే ముడి వీడుతుందా?

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వనభోజనాలు, బతుకమ్మ, దీపావళి, పిల్లల తెలుగు బడి వివరాలు సాంస్కృతిక కమిటీ నివేదికలో ఉన్నాయి. జమాఖర్చుల లెక్క కోశాధికారిగారు విడిగా పంపుతున్నారు. నార్త్ కరోలినాలోని రాలీ, కేరీ, మోరిస్‌విల్ ప్రాంతంలో మన సంఘం తరఫున పౌర వ్యవహారాల కమిటీ ఏడాదంతా చేసిన పని గురించి ఈ నివేదికలో రాస్తున్నాను.

సమావేశాల్లోనూ వాట్సాప్ గ్రూపులోనూ మీరు మమ్మల్ని ఎక్కువగా అడిగింది ఒకటే. వాషింగ్టన్‌లో ఈ రెండు పార్టీలు, అంటే రిపబ్లికన్లు, డెమోక్రాట్లు, ఎప్పటికైనా కలిసి మన పని చేస్తాయా అని. మాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. రెండు పార్టీలు కలిసిన సందర్భాలు మనం అనుకునేదానికంటే ఎక్కువే. కానీ కలవడం ఒక ఎత్తు, కలిసి రాసిన బిల్లు ఓటింగ్ దాకా రావడం ఇంకో ఎత్తు. మన పనులు ఎక్కువగా ఆగిపోతున్నది ఈ రెండో చోటే. అందుకే ఈ ఏడాది కమిటీ పని తీరు కూడా మార్చుకుంది.

షట్‌డౌన్ రోజులు

అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. 43 రోజులు. 2018–19లో 35 రోజులు మూతపడటమే అప్పటిదాకా రికార్డు. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌లోని పర్యావరణ సంస్థ క్యాంపస్ లాంటి ఫెడరల్ కార్యాలయాల్లో పనిచేసే కుటుంబాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. వాళ్లకు జీతాలు ఆగాయి. నవంబర్‌లో పేదలకిచ్చే స్నాప్ ఆహార సాయం నిలిచిపోయేసరికి స్థానిక ఫుడ్ బ్యాంకులకు తాకిడి పెరిగింది. మనవాళ్లు బియ్యం, పప్పులు, డబ్బా కూరగాయలు, పిల్లల డైపర్లు తెచ్చి ఇచ్చారు. దీపావళి కార్యక్రమం దగ్గర పెట్టిన పెట్టెలు నిండిపోయి, కార్ల డిక్కీల్లో వేసుకుని తీసుకెళ్లాల్సి వచ్చింది. తెచ్చినవాళ్లకూ మోసినవాళ్లకూ కమిటీ తరఫున కృతజ్ఞతలు.

మనవాళ్లను ఇంకో రకంగా దెబ్బతీసిన విషయం బయట పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఇమిగ్రేషన్ శాఖ ఫీజుల మీద నడుస్తుంది కాబట్టి అది మూతపడలేదు. కానీ దరఖాస్తు అక్కడిదాకా వెళ్లాలంటే ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ (జీతం, ఉద్యోగ వివరాలకు ఇచ్చే ధ్రువీకరణ) రావాలి. ఆ విభాగం అక్టోబర్ నెలంతా పనిచేయలేదు, 31న గానీ తెరుచుకోలేదు. ఉద్యోగం పోయి 60 రోజుల గడువులో కొత్త కంపెనీ వెతుక్కున్నవాళ్లకు ఆ నెల ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా హెచ్1బీ ట్రాన్స్‌ఫర్ ఫైల్ చేసే దారి లేదు. గ్రీన్ కార్డుకు తొలి మెట్టయిన పెర్మ్ దరఖాస్తులదీ అదే పరిస్థితి. అప్పుడు ఫోన్ చేసినవాళ్లకు మేం లాయర్ల సలహా శిబిరం ఆన్‌లైన్‌లో పెట్టగలిగాం. అంతకుమించి మా చేతిలో ఏమీ లేకపోయింది.

చివరికి షట్‌డౌన్‌కు తెరపడింది రెండు పార్టీల ఓట్లతోనే. సెనేట్‌లో డెమోక్రాట్ల వైపు నుంచి ఎనిమిది మంది రిపబ్లికన్లతో కలిస్తే 60–40తో బిల్లు గట్టెక్కింది. ప్రతినిధుల సభలో 222–209తో నెగ్గింది. దీన్ని సహకారం సాధించిన విజయం అనాలా? నా అభిప్రాయంలో సగమే. ప్రభుత్వం తెరుచుకుంది, జీతాలు వచ్చాయి. గొడవకు మూలమైన ఆరోగ్య బీమా సబ్సిడీల విషయంలో మాత్రం ఓటింగ్ పెడతామన్న మాట తప్ప ఏమీ దక్కలేదు. డిసెంబర్‌లో ఆ ఓటింగ్ పెట్టారు, సెనేట్‌లో బిల్లు ముందుకు సాగడానికి కావలసిన 60 ఓట్లు రాలేదు. సంవత్సరాంతానికి సబ్సిడీలు ముగిసిపోయాయి. సొంత వ్యాపారం చేసుకుంటూ మార్కెట్‌ప్లేస్ బీమా కొనుక్కునే మన సభ్యులకు ఆ భారం ఇప్పుడు తెలుస్తోంది.

గ్రీన్ కార్డు బిల్లు: ఓట్లున్నా చట్టం కాలేదు

ఏప్రిల్‌లో పెట్టిన అవగాహన సదస్సులో ఎక్కువ సమయం దీనికే పోయింది. చాలామందికి ఈ చరిత్ర తెలియదు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000. ఏ ఒక్క దేశంవాళ్లకూ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల భారతీయుల క్యూ దశాబ్దాల పొడవు సాగింది. ఈ పరిమితి తీసేయాలన్న బిల్లు 2011 నవంబర్‌లో ప్రతినిధుల సభలో 389–15తో గెలిచింది. ఈ రోజుల్లో అంతటి ఏకాభిప్రాయం ఊహించడమే కష్టం. సెనేట్‌లో ఒక్క సభ్యుడు అడ్డు పెట్టడంతో అక్కడితో ఆగిపోయింది.

2019 జూలైలో అదే ఆలోచన మళ్లీ వచ్చింది. డెమోక్రాట్ జో లోఫ్‌గ్రెన్, రిపబ్లికన్ కెన్ బక్ కలిసి తెచ్చిన బిల్లు 365–65తో నెగ్గింది. సెనేట్‌లో రిపబ్లికన్ మైక్ లీ, అప్పుడు సెనేటర్‌గా ఉన్న కమలా హారిస్ కలిసి ప్రతిపాదించారు. అక్కడ దాన్ని ఏకగ్రీవ సమ్మతితో నెగ్గించాలని చూశారు. ఆ పద్ధతిలో ఒక్కరు కాదన్నా బిల్లు ఆగిపోతుంది. ఒకసారి నర్సుల కోటా గురించి, ఇంకోసారి మొత్తం సంఖ్య పెంచకుండా పరిమితి మాత్రమే తీస్తే మిగతా దేశాలవాళ్లకు అన్యాయమని, ఇలా ఏడాదికి పైగా ఒకరి తర్వాత ఒకరు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాలు రెండు పార్టీల నుంచీ వచ్చాయి. అన్నిటినీ సర్దుకుని 2020 డిసెంబర్ 2న సెనేట్ ఆమోదించింది. అప్పటికి బిల్లు రూపం మారిపోయింది, సభ ఆమోదించినదానికీ దీనికీ పొంతన కుదరలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ (రెండు సభల అమెరికా చట్టసభ) గడువు తీరడంతో బిల్లూ చచ్చిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు రెండు సభలూ ఒప్పుకున్నా చట్టం కాలేదు.

2024 ఫిబ్రవరిలో ఇంకా బాధాకరంగా జరిగింది. రిపబ్లికన్ లాంక్‌ఫోర్డ్, డెమోక్రాట్ మర్ఫీ, స్వతంత్ర సభ్యురాలు కిర్‌స్టెన్ సినెమా నెలల తరబడి కూర్చుని సరిహద్దు బిల్లు రాశారు. అందులో మన పిల్లలకూ చోటుంది. హెచ్4 (హెచ్1బీవాళ్ల కుటుంబ వీసా) మీద పెరిగి 21 ఏళ్లు నిండగానే హోదా కోల్పోయే పిల్లలకు రక్షణ, హెచ్1బీవాళ్ల జీవిత భాగస్వాములకు పని అనుమతి, అయిదేళ్లపాటు ఏడాదికి 18,000 అదనపు ఉద్యోగ వీసాలు. బయటికి వచ్చిన కొద్ది రోజుల్లోనే అది 49–50తో కూలిపోయింది. ఎన్నికల సంవత్సరంలో సరిహద్దు సమస్య తీరడం కంటే మిగిలి ఉండటమే కొందరికి లాభమనిపించింది. ఇది నా అంచనా. కమిటీలో కొందరు ఒప్పుకోరు. సరిహద్దు షరతులు చాలినంత గట్టిగా లేకే పడిపోయిందని వాళ్ల వాదన.

చట్టం రానిచోట ఏం జరుగుతుందో సెప్టెంబర్ 19 సాయంత్రం అందరం చూశాం. కొత్త హెచ్1బీలకు లక్ష డాలర్ల ఫీజంటూ అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. కొత్త దరఖాస్తులకే వర్తిస్తుందన్న స్పష్టత వచ్చేలోపు ఇండియాలో సెలవులో ఉన్నవాళ్లు హైదరాబాద్, బెంగళూరు విమానాశ్రయాలకు పరుగెత్తారు. హెచ్4 పని అనుమతి కూడా 2015లో పరిపాలనా నిబంధనగా వచ్చిందే తప్ప కాంగ్రెస్ చేసిన చట్టం కాదు. దాని మీద కేసు ఏళ్లపాటు నడిచి, 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించాకే ఊపిరి పీల్చుకున్నాం. ఒక సంతకంతో వచ్చింది ఇంకో సంతకంతో పోతుంది. రెండు పార్టీలు కలిసి చేసిన చట్టానికి అంత తేలిగ్గా ముప్పు రాదు. పాత ఉదాహరణ ఒకటి చెబుతాను. 1923లో థిండ్ అనే భారతీయుడి కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం కుదరదంది. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగిందీ ఆ రోజుల్లోనే. ఆ తలుపు తెరిచింది 1946లో రిపబ్లికన్ క్లేర్ బూత్ లూస్, డెమోక్రాట్ ఎమాన్యుయెల్ సెల్లర్ పేర్లమీద వచ్చిన చట్టం. ఏడాదికి వంద మందికే వలస వచ్చే అవకాశం ఇచ్చినా, మనకు పౌరసత్వ హక్కు అక్కడి నుంచే మొదలైంది.

మన రాష్ట్రంలో కుదిరినవి, కుదరనివి

నార్త్ కరోలినాలో మెడికెయిడ్ (తక్కువ ఆదాయంవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరణ పదేళ్లు ఆగింది. 2013లో దాన్ని అడ్డుకుంటూ చట్టమే చేశారు. 2023 మార్చిలో రిపబ్లికన్ల చేతిలోని శాసనసభ 87–24తో ఆమోదిస్తే డెమోక్రాట్ గవర్నర్ రాయ్ కూపర్ సంతకం పెట్టారు. ఆ డిసెంబర్ 1న మొదలై, ఏడాదిలోనే ఆరు లక్షల మందికి పైగా చేరారు. ఏం మారింది? మనసులు కరగడం ఒక్కటే కారణం కాదు. ఖర్చులో 90 శాతం కేంద్రం భరిస్తుంది, మిగతా వాటా ఆసుపత్రులు కట్టడానికి ఒప్పుకున్నాయి. 2021లో వచ్చిన ఫెడరల్ చట్టం అదనపు ప్రోత్సాహకం ఇచ్చింది. పల్లెటూళ్ల ఆసుపత్రులు మూతపడుతుంటే రిపబ్లికన్ ప్రాంతాల షెరీఫ్‌లు, కౌంటీ అధికారులే విస్తరణ కావాలని అడిగారు. ఎదుటి పార్టీ ఓటర్ల అవసరం ఎదుటి పార్టీ నాయకుడికి వాళ్ల నోటి నుంచే వినపడాలని ఇందులో మేం నేర్చుకున్నాం.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణా ఇక్కడే ఉంది. 2025 జూలై 1న మొదలైన ఆర్థిక సంవత్సరానికి రాష్ట్రంలో పూర్తి బడ్జెట్ సంవత్సరాంతం దాకా రాలేదు. సభలు రెండూ రిపబ్లికన్లవే. పన్నుల కోత మీద ఆ రెండు సభల మధ్యే పొత్తు కుదరలేదు. టీచర్ల జీతాల పెంపు అక్కడ చిక్కుకుంది. ప్రతిష్టంభన అంటే ఎప్పుడూ రెండు పార్టీల గొడవే అనుకునే సభ్యులు ఇది గమనించాలి.

రాజీపడేవాళ్లకు దొరికే ప్రతిఫలం కూడా చూశాం. సెనేటర్ థామ్ టిల్లిస్ 2021 మౌలిక వసతుల చట్టానికి, 2022 తుపాకుల భద్రతా చట్టానికి ఓటేశారు. 2023 జూన్‌లో ఆయన సొంత రాష్ట్ర పార్టీయే ఆయన్ను తప్పుపడుతూ తీర్మానం చేసింది. 2025 జూన్‌లో మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు. నియోజకవర్గాల సరిహద్దు గీతలు దీనికి తోడు. 2022లో మన రాష్ట్రం నుంచి ప్రతినిధుల సభకు రెండు పార్టీలకూ చెరి ఏడు సీట్లు వచ్చాయి. గీతలు మార్చాక 2024లో అది రిపబ్లికన్ల వైపు 10–4 అయింది. ఈ అక్టోబర్‌లో ఇంకోసారి మార్చారు, లక్ష్యం 11–3. గవర్నర్‌కు దీనిమీద వీటో అధికారం లేదు. డెమోక్రాట్లు పాలించే రాష్ట్రాల్లోనూ ఇలాంటి గీతలున్నాయి. నవంబర్‌లో గెలుపు ఖాయమైన సీటులో నాయకుడు భయపడేది ప్రైమరీకే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకే. ప్రైమరీలో ఓటేసేది కొద్దిమంది, వాళ్లలో రాజీని మెచ్చేవాళ్లు తక్కువ.

అయినా డిసెంబర్‌లో ఒక మంచి జరిగింది. రాబ్సన్ కౌంటీ చుట్టుపక్కల ఉండే లంబీ అనే స్థానిక అమెరికన్ తెగకు పూర్తి ఫెడరల్ గుర్తింపు వచ్చింది. 1888 నుంచి అడుగుతున్నారు. 1956లో పేరు గుర్తించి హక్కులు ఇవ్వని చట్టం ఒకటి చేశారు. ఈసారి రక్షణ శాఖ వార్షిక బిల్లులో చేర్చి నెగ్గించారు. అది ఆగకూడని బిల్లు కాబట్టి ఓటింగ్‌కి రాక తప్పదు. మన రాలీ ప్రతినిధి డెబొరా రాస్ 2022లో 21 నిండిన మన పిల్లలు హోదా కోల్పోకుండా చూసే ఏజ్ అవుట్ సవరణను అదే దారిలో, అదే వార్షిక బిల్లులో సభ చేత ఆమోదింపజేశారు. తుది బిల్లులో అది మిగల్లేదు. ఆమె బిల్లుకు రిపబ్లికన్ మారియనెట్ మిల్లర్-మీక్స్ తోడున్నారు. సెనేట్‌లో డెమోక్రాట్ పడియా, రిపబ్లికన్ రాండ్ పాల్ కలిసి అదే బిల్లు పెట్టారు. మద్దతుకు లోటు లేదు, ఎక్కించే బండి దొరకాలి.

ఇంకో దారి డిశ్చార్జి పిటిషన్. 218 మంది సభ్యులు సంతకం చేస్తే స్పీకర్ ఇష్టంతో పని లేకుండా బిల్లు సభ ముందుకు వస్తుంది. 2024లో గ్రేవ్స్, స్పాన్‌బర్గర్ ఇలాగే టీచర్లు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బందికి పెన్షన్ ఉందని సోషల్ సెక్యూరిటీలో వేసే కోత తీసేసే బిల్లును బయటికి లాగారు. సభలో 327–75, సెనేట్‌లో 76–20, 2025 జనవరి 5న సంతకం. సోషల్ సెక్యూరిటీ నిధి మీద భారం పెంచిన చట్టమని విమర్శ ఉంది, అది నిజమే. కలిసి చేసిందల్లా మంచిదని మేం అనడం లేదు.

కమిటీ చేసినవి, చేయబోయేవి

మన సంఘం పన్ను మినహాయింపు ఉన్న సంస్థ. ఏ అభ్యర్థికీ మద్దతు ఇవ్వకూడదు, ఇవ్వం. గ్రూపులో అభ్యర్థుల ప్రచార పోస్టులు ఆపడం కొందరికి నచ్చలేదు. నియమం అందరికీ ఒకటే. ఓటరు నమోదు, సమస్యల మీద వినతులు మాత్రం చేయవచ్చు. ఈ ఏడాది కమిటీకి ఇద్దరు సమన్వయకర్తలను పెట్టుకున్నాం, ఒకరు రిపబ్లికన్‌గా, ఒకరు డెమోక్రాట్‌గా నమోదైనవారు. ప్రతినిధుల స్థానిక కార్యాలయాలకు ఇద్దరూ కలిసే వెళ్లారు. ఒక కార్యాలయంలో సిబ్బంది, మీవాళ్లు ఎప్పుడూ ఒక పార్టీవాళ్లే వస్తారని అనుకున్నామన్నారు. ఆ మాట తర్వాత సంభాషణ మారిపోయింది. బిల్లుకు మద్దతిస్తారా అని అడగడం మానేశాం. ఏ పెద్ద బిల్లులో చేర్చడానికి వీలుంది, డిశ్చార్జి పిటిషన్ వస్తే సంతకం పెడతారా, సెనేట్‌లో అభ్యంతరం ఎవరిది అని అడుగుతున్నాం. 21కి దగ్గరపడుతున్న ఇద్దరు పిల్లలు ఇక్కడి బడుల్లో చదువుకున్న తమ కథ స్వయంగా చెప్పారు. పేర్లు రాయడం లేదు.

2026కి పెట్టుకున్న పనుల్లో మొదటిది మార్చి 3 ప్రైమరీ. మన పౌరసత్వ సభ్యుల్లో చాలామంది ఏ పార్టీలోనూ నమోదు కాలేదు. ఈ రాష్ట్రంలో అలాంటివాళ్లు ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి ప్రైమరీలో ఓటేయవచ్చు. ఇది తెలియక ఇంట్లో కూర్చునేవాళ్లు ఎక్కువ. ఫోటో గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి. ముందస్తు పోలింగ్ కేంద్రాల జాబితా గ్రూపులో పెడతాం. వయసు మీద పడిన అమ్మానాన్నలను కారులో తీసుకెళ్లడానికి వాలంటీర్లు కావాలి, పేర్లు ఇప్పుడే ఇవ్వండి.

రెండోది, రక్షణ బిల్లు సభ ముందుకు రాకముందే ఏజ్ అవుట్ సవరణ కోసం ఇద్దరు సెనేటర్ల కార్యాలయాల్లోనూ అపాయింట్‌మెంట్లు. పిల్లల పుట్టిన తేదీ, ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో చేరిన తేదీ), చదువుకున్న బడి వివరాలతో ఒక పేజీ రాసి ఇవ్వగలిగిన కుటుంబాలు ఫిబ్రవరి నెలాఖరులోగా కమిటీకి పంపండి. మీ అనుమతి లేకుండా ఏ కార్యాలయానికీ ఇవ్వం.