కృత్రిమ మేధ కొత్త చుట్టమేమీ కాదు

సంపాదకుల వారికి,

కృత్రిమ మేధ నిన్నగాక మొన్న ఊడిపడినట్టు అందరూ మాట్లాడుతున్నారు. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ బృందం ఆ పేరు 1955లోనే పెట్టింది. పనికిరాని ఈమెయిళ్లను స్పామ్‌లోకి నెట్టేదీ, ముఖం చూసి ఫోన్ లాక్ తీసేదీ అదే. మొన్న మెసేజ్‌లో ‘రేపు’ అని కొట్టగానే కీబోర్డు ‘వస్తాను’ అని అందించింది. నేను రాయబోయింది ‘రాలేను’. దానికి నా మనసేం తెలుసు? ఏ మాట వెంట ఏ మాట ఎక్కువగా వస్తుందో చూసి ఊహిస్తుందంతే. మనం అడిగినదానికి జవాబు రాసిచ్చే చాట్‌బాట్లు చేసేదీ ప్రధానంగా ఈ పనే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. అందుకే ఒక్కోసారి తప్పును కూడా తడుముకోకుండా చెప్పేస్తాయి. మందుల మోతాదు వాటిని అడిగి వేసుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. కృత్రిమ మేధ పనితీరు గురించి వారానికోసారైనా మీ పత్రికలో సులువైన తెలుగులో రాయించండి.

– ఒక పాఠకుడు