కాలనీ సంఘం వార్షిక నివేదిక, 2024–25 (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా మామూలు పనులు. వానలకు ముందే నాలా పూడిక తీయించాం. వీధిలైట్లు రెండు మార్పించాం, మూడోదాని కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం. సద్దుల బతుకమ్మను పద్మాక్షి గుట్ట దగ్గర సాగనంపాం. లెక్కలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి.

ఇక పిన్‌బాల్ మిషన్ సంగతి. అద్దం కింద వాలుగా ఉన్న బల్ల మీద ఇనుప బంతిని కిందికి జారిపోకుండా కొడుతూ పాయింట్లు సంపాదించే ఆట ఇది. మన సభ్యుడొకరి నాన్నగారు వెనకట ఎగ్జిబిషన్లలో ఆటల స్టాల్ నడిపేవారు. ఆయన రేకుల షెడ్డులో దుమ్ము పట్టిన మిషన్‌ను డిసెంబరులో కమ్యూనిటీ హాలుకు తెచ్చాం. నలుగురం మోసినా మెట్ల మీద రెండుసార్లు దించాల్సి వచ్చింది.

ఎడమ ఫ్లిప్పర్, అంటే బంతిని కొట్టే చిన్న రెక్క, లేవలేదు. బటన్ నొక్కితే కాయిల్ అయస్కాంతమై లోపలి కడ్డీని లాగుతుంది, దాంతో ఫ్లిప్పర్ లేస్తుంది. లేచాక కరెంటు తగ్గించే స్విచ్ అతుక్కుపోయి కాయిల్ మాడిందని మోటార్లు వైండింగ్ చేసే మిస్త్రీ కనిపెట్టి, కొత్త తీగ చుట్టారు. మన బోరు మోటారు కూడా చూసేది ఆయనే.

మొదటి ఆదివారం పిల్లల కోసమని తెరిస్తే పిల్లలకు చోటే దొరకలేదు. అరవై దాటినవాళ్లు వరుస కట్టారు. ఇంటర్ రోజుల్లో బస్సు చార్జీ పైసలు మిగిల్చి ఆడి, ఎగ్జిబిషన్ నుంచి నడిచి ఇంటికెళ్లినవాళ్లు వీళ్లే. తొడతో చిన్నగా తోసి బంతిని దారి మళ్లించడం వాళ్లు మరచిపోలేదు. రిటైర్డ్ హెడ్మాస్టర్ సారు మాత్రం గట్టిగా తోశారు. లోపల వేలాడే తూకపు గుండు చుట్టూ ఉన్న రింగుకు తగిలి ‘టిల్ట్’ వెలిగింది, ఆట బంద్. సారు మిషన్‌దే తప్పన్నారు. విండోస్ ఎక్స్‌పీలో పిన్‌బాల్ ఆడి పెరిగిన మన కోశాధికారి మూడు బంతులూ నిమిషంలో పోగొట్టుకున్నారు.

ఇది జూదమని ఒక సభ్యుడు ఉత్తరం రాశారు. న్యూయార్క్ నగరం కూడా అలాగే అనుకుని 1942 నుంచి 1976 దాకా దీన్ని నిషేధించింది. ఆట చేతి నేర్పు మీదికి వచ్చింది 1947లో ‘హంప్టీ డంప్టీ’ మిషన్‌కు ఫ్లిప్పర్లు పెట్టాకే. అంతకుముందు బంతిని వదిలాక ఎక్కువగా అదృష్టమే. ఏదేమైనా మనం బిళ్లలు వేసే చోటు మూసేశాం. పరీక్షల నెలలో తాళం వేశాం. తాళంచెవి అడిగినవాళ్లందరూ పెద్దవాళ్లే.

కుడివైపు బంపర్ (తగిలిన బంతిని వెనక్కి తన్నే దిమ్మ) ఇంకా పలకడం లేదు, రబ్బరు రింగులు పగిలాయి. పాత మిషన్ల సామాన్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఆదివారం హాలుకు తీసుకురండి.

– కార్యదర్శి