తొలి ప్రపంచ విజేత పేరు మార్చి రాయి

గవర్నర్‌పేట,
విజయవాడ.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం, దానితో పాటు మీ బడి పిల్లల క్విజ్ కోసం నీవు తయారుచేసిన ప్రశ్నలు నిన్ననే అందాయి. అన్నీ బాగున్నాయి కాని, మన దేశపు తొలి ప్రపంచ విజేత ప్రకాశ్ పదుకొనే అని రాసిన జవాబు దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆయన 1980లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ పోటీ గెలిచి మనల్ని ఎంతగా మురిపించారో నాకూ గుర్తే. అయితే అంతకు 22 ఏళ్ళ ముందే, 1958లో, కలకత్తాలో జరిగిన ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ పోటీలో విల్సన్ జోన్స్ గెలిచారు. స్వతంత్ర భారతదేశానికి వ్యక్తిగత క్రీడలో దక్కిన మొదటి ప్రపంచ టైటిల్ అదే.

గుంటూరులో చదువుకునే రోజుల్లో, సాయంత్రం బ్రాడీపేట గది నుంచి నడిచివెళ్ళి క్లబ్బు కిటికీ పక్కన నిలబడి పెద్దల బిలియర్డ్స్ ఆట చూస్తుంటే, “మూడే బంతులు, ఇందులో ఏముంది చూడడానికి?” అంటూ నీవు నన్ను లాక్కుపోయేవాడివి. ఆ ప్రశ్నకు ఇన్నాళ్ళకు జవాబు రాస్తున్నాను. 12 అడుగుల బల్ల మీద కర్రతో నీ బంతిని కొట్టి, దానితో ఎర్ర బంతిని బల్ల అంచున ఉన్న జేబులో వేస్తే 3 పాయింట్లు, నీ బంతితో మిగిలిన రెండింటినీ తాకిస్తే 2 పాయింట్లు. పాయింటు వస్తున్నంతసేపూ ఆట నీదే; ఎదుటివాడు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. అందువల్ల అసలు విద్య బంతిని కొట్టడంలో కాక, కొట్టిన తరువాత మూడు బంతులూ మళ్ళీ మనకు అనువుగా ఎక్కడ ఆగాలో ముందే చూడడంలో ఉంది. 1992 ప్రపంచ ప్రొఫెషనల్ పోటీలో మన గీత్ సేథీ ఒకే బ్రేక్‌లో, అంటే ఆట ఎదుటివాడికి పోకుండా ఒకే విడతలో, 1276 పాయింట్లు చేశారు. రెండేసి, మూడేసి చొప్పున లెక్క వేసుకో, తప్పు లేకుండా ఎన్ని వందల దెబ్బలో!

జోన్స్ 1922లో పుణేలో పుట్టారు. జాతీయ బిలియర్డ్స్ టైటిల్‌ను 12 సార్లు గెలిచారు. కలకత్తా గెలుపు సొంతగడ్డ మీద దొరికిన అదృష్టమని ఎవరైనా అనుకుని ఉంటే, 1964లో న్యూజీలాండ్ వెళ్ళి మరోసారి ప్రపంచ విజేతగా తిరిగివచ్చి ఆ మాటకు చోటు లేకుండా చేశారు. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. నన్ను అన్నిటికన్నా కదిలించేది 1996లో ఆయనకిచ్చిన ద్రోణాచార్య పురస్కారం, ఎందుకంటే ఆట మానిన తరువాత తన విద్యను తన దగ్గరే దాచుకోకుండా పిల్లలకు నేర్పుతూ గడిపిన ఏళ్ళకు అది గుర్తింపు. ఆ తరువాతి తరాలలో మైకేల్ ఫెరీరా, గీత్ సేథీ, పంకజ్ అద్వానీ ఒకరి వెనుక ఒకరు ప్రపంచ విజేతలయ్యారు. వారి పేర్లు తెలిసినవారికి కూడా 2003లో కన్నుమూసిన ఈ పెద్దాయన పేరు తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ప్రశ్నలు అచ్చుకు ఇచ్చేలోగా ఆ జవాబు మార్చు. వీలైతే పదుకొనే పేరుతో మరో ప్రశ్న చేర్చు. ఆయనను తీసివేయమని నేను అనడం లేదు. చెల్లెమ్మకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ మిత్రుడు