రైఫిల్ బరువును ఎక్కడ తగ్గించాలి?

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పోలీసు సిబ్బందికి, ముఖ్యంగా ఒడిశా సరిహద్దు కొండల్లో గాలింపుకు వెళ్లే బలగాలకు, తేలికపాటి రైఫిళ్లు ఇవ్వాలన్న మాట తరచుగా వినిపిస్తోంది. సైన్యంలో చాలా ఏళ్లు ఎస్‌ఎల్‌ఆర్ అనే పాత రైఫిల్‌ను, ఆ తర్వాత మన దేశంలోనే రూపొందిన ఇన్సాస్ రైఫిల్‌ను మోసి, పదవీ విరమణ చేసి సోంపేటలో స్థిరపడిన నాకు ఆ కోరిక న్యాయమైనదిగానే తోస్తుంది. అయితే తుపాకీ ఒక్కదాన్నే త్రాసులో పెట్టి, ఎన్ని గ్రాములు తగ్గిందో చూసి ఎంపిక చేసే పద్ధతి మాత్రం సరైనది కాదు.

ఖాళీ ఎస్‌ఎల్‌ఆర్ దాదాపు 4.4 కిలోలు తూగుతుంది. దాని స్థానంలో వచ్చిన ఇన్సాస్ కూడా నాలుగు కిలోల పైమాటే. అయినా ఇన్సాస్ చేతికొచ్చాక జవాను ఒంటి మీద బరువు నిజంగానే తగ్గింది. తగ్గింది తుపాకీలో కాదు, రౌండ్లలో, అంటే దానిలో నింపే తూటాలలో. ఎస్‌ఎల్‌ఆర్‌లో వాడే 7.62 మి.మీ. రౌండు ఒక్కొక్కటి సుమారు 24 గ్రాములుంటే, ఇన్సాస్ 5.56 మి.మీ. రౌండు అందులో సగమే. వంద రౌండ్లు వెంట తీసుకెళ్లే మనిషికి కిలోకు పైగా భారం తప్పినట్టే. రైఫిల్ లోహాన్ని ఎంత చెక్కినా అంత తేడా తేవడం సులభం కాదు.

రౌండు మార్చకుండా తుపాకీని మాత్రమే తేలిక చేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. తూటా ముందుకు దూసుకుపోయేటప్పుడు తుపాకీ వెనక్కి తన్నడం ప్రకృతి ధర్మం. అదే రౌండు పేల్చే రైఫిల్ బరువు నాలుగో వంతు తగ్గితే, తన్నులోని శక్తి మూడో వంతు పెరుగుతుంది. మొదటి రౌండుకే భుజం అదిరిన కొత్త కానిస్టేబుల్ రెండో రౌండుకు కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగుతాడు. ఫైరింగ్ రేంజిలో నిలబడి కాల్పులు నేర్పే ప్రతి ఉస్తాదుకూ ఇది తెలిసిన సంగతే. అమెరికా సైన్యం ఇదే 7.62 రౌండుతో ఎం-14 రైఫిల్‌ను పూర్తి ఆటోమేటిక్‌గా వాడబోయి, అదుపు చేయలేక, ఎక్కువ రైఫిళ్లను ఒక్కో నొక్కుకు ఒక్కో రౌండు పేలేలా బిగించి ఇచ్చింది.

ఇక బరువును ఎక్కడ తీయవచ్చు, ఎక్కడ తీయకూడదు అన్నది ఆ రైఫిల్ నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఎస్‌ఎల్‌ఆర్‌లో బోల్టు (కాల్చేటప్పుడు రౌండును వెనుక నుంచి మూసి పట్టే భాగం) వెనుకభాగం కిందికి వాలి, రిసీవర్‌లోని (లోపలి యంత్రభాగాలన్నీ ఇమిడే తుపాకీ మధ్య భాగం) ఉక్కు మెట్టుకు ఆనుకుంటుంది కనుక, కాల్పు ఒత్తిడిని రిసీవరే భరించాలి. దాన్ని ఉక్కుతో కాక వేరే దానితో చేయడం ప్రమాదం. 1950లలో అమెరికా ఇంజినీరు యూజీన్ స్టోనర్ రూపొందించిన రైఫిల్లో బోల్టు నేరుగా బ్యారెల్ (గొట్టం) వెనుక బిగించిన భాగంలోనే లాక్ అవుతుంది. అందుకే అక్కడ రిసీవర్‌ను అల్యూమినియంతో చేయడం సాధ్యమైంది. కలాష్నికోవ్ రైఫిల్ కూడా 1950లలో దిమ్మె ఉక్కును తొలిచి చేసిన రిసీవర్‌తో బరువుగా ఉండేది. 1959లో రేకును అచ్చు ఒత్తి చేసే పద్ధతికి మారాక దాదాపు కిలో తగ్గింది. బ్యారెల్‌ను సన్నగా చేసినా బరువు తగ్గుతుంది గాని, వరుసగా కాల్చినప్పుడు అది త్వరగా వేడెక్కి గురి చెదురుతుంది. భుజానికి ఆన్చే కొయ్య బట్ స్థానంలో పాలిమర్ బట్ పెట్టడం అన్నిటికన్నా సులువైన మార్గం, కానీ అక్కడా ఒక చిక్కు ఉంది. కావడిలో వెనుక కుండ దించేస్తే మొత్తం బరువు తగ్గినా భుజానికి సుఖం ఉండదు. బట్ ఒక్కటే తేలికైతే రైఫిల్ మూతి కిందికి వాలి, గురిపెట్టిన ఎడమ చేయి త్వరగా అలసిపోతుంది.

అమేథీ జిల్లా కోర్వాలో తయారవుతున్న కలాష్నికోవ్ తరహా రైఫిల్ ఏకే-203 సుమారు 3.8 కిలోలుంటుంది, దాని బట్‌ను మడవవచ్చు, పొడవు సర్దుకోవచ్చు. పొట్టి చేతులవారికి, మహిళా కానిస్టేబుళ్లకు ఆ సర్దుబాటు తగ్గిన అరకిలో కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే బట్ పొడవు సరిపోని మనిషికి తేలిక తుపాకీ కూడా బరువుగానే ఉంటుంది.

కాబట్టి మన పోలీసు శాఖ ఏ రైఫిల్‌ను ఎంపిక చేసుకున్నా, రౌండ్లు నింపిన మేగజైన్లు, గాలింపుకు తీసుకెళ్లే మొత్తం రౌండ్లు, స్లింగ్ (భుజానికి తగిలించుకునే పట్టీ), శుభ్రపరిచే సామగ్రి అన్నీ కలిపి తూచాలి. విజయనగరం పోలీసు శిక్షణ కళాశాలలో శిక్షణ పొందుతున్న సన్నపాటి యువతీ యువకుల చేత, కొండ ఎక్కించి అలసిన తర్వాత, కాల్పించి చూడాలి. విశ్రాంతిగా ఉన్న గురికాడు చల్లటి ఉదయం రేంజిలో కాల్చిన ఫలితం కొనుగోలు కాగితాల మీద అందంగా కనిపిస్తుంది, అంతే. కొత్త తుపాకులు వచ్చేలోగా ఉన్నవాటికే భుజం కోయని వెడల్పాటి స్లింగులు ఇప్పించేందుకు జిల్లా ఎస్పీలు ఈ సంవత్సరమే చర్య తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా.