పరీక్ష ముందురోజు స్క్రైబ్ కావాలంటే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

కాలేజీల్లో దివ్యాంగ విద్యార్థులకు సౌకర్యాలు సరిగ్గా లేవని పత్రికల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. అవన్నీ నిజమే. ర్యాంపు ఉండదు, ఉన్నా దాని మీద బైకులు పెట్టేస్తారు, లిఫ్టుకు తాళం వేసి ఉంటుంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కు కూడా తెలియదు. నేను చూపు బాగా తక్కువున్న పీజీ విద్యార్థిని, కాబట్టి ఇవి నాకు రోజూ ఎదురయ్యేవే. అయితే మా వైపు నుంచి మేమే చెప్పుకోవాల్సిన మాట కూడా ఒకటుంది. చట్టం ఇచ్చిన సౌకర్యాన్ని వాడుకోవాలంటే విద్యార్థిగా మనం చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, వాటిని మనలో చాలామంది చివరి నిమిషం దాకా పట్టించుకోవడం లేదు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు పరీక్షల సంగతే తీసుకుందాం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (అంటే మనం చెబుతుంటే జవాబు రాసిపెట్టే మనిషి) ఇవ్వాలన్న మాట ఆ చట్టంలోనే ఉంది. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నారు, అంటే మూడు గంటల పేపర్‌కు ఇంకో గంట. స్క్రైబ్‌ను మనమే తెచ్చుకోవడమా, పరీక్ష పెట్టేవాళ్లనే ఇమ్మనడమా అన్నది మన ఇష్టానికి వదిలారు. వాళ్లే ఇచ్చేటట్టయితే, ఆ మనిషి మనకు సరిపోతాడో లేదో చూసుకోవడానికి పరీక్షకు రెండు రోజుల ముందే కలిసే అవకాశం ఇవ్వాలని కూడా రాశారు. ఈ రెండు రోజుల సంగతి తెలిసినవాళ్లు మనలో ఎంతమంది? జరుగుతున్నది చూస్తే, హాల్ టికెట్ చేతికొచ్చాక, ఒక్కోసారి పరీక్షకు ముందురోజు సాయంత్రం, వాట్సాప్ గ్రూపుల్లో 'అర్జెంట్‌గా స్క్రైబ్ కావాలి' అని మెసేజ్ పడుతుంది. పాపం ఎవరో ఒకరు మంచి మనసుతో వస్తానంటారు. కానీ వాళ్ల సర్టిఫికెట్లు చూడాలి, అనుమతి లెటర్ తయారవ్వాలి, వేరే గది, అదనపు సమయం అయ్యేదాకా కూర్చునే ఇన్విజిలేటర్ కావాలి. ఇవన్నీ ఒక్క రాత్రిలో సర్దమంటే పరీక్షల విభాగంలో ఎంత మంచివాళ్లున్నా సర్దలేరు. తెల్లారి గేటు దగ్గర టెన్షన్ పడేది మనమే.

దొరికిన స్క్రైబ్‌తో రాయించడం కూడా అనుకున్నంత తేలిక కాదు. మనం తెచ్చుకునే స్క్రైబ్ చదువు మన చదువు కంటే తక్కువ ఉండాలన్నది నిబంధన, కాబట్టి మన సబ్జెక్టు మాటలు ఆ పిల్లకో పిల్లాడికో కొత్తగానే ఉంటాయి. 'రాజ్యాంగ సవరణ' అని మనం చెప్పుకుంటూ పోతే వాళ్లు 'సవరణ' దగ్గర ఆగి మన మొహం చూస్తారు, మనకేమో వాళ్లు ఆగిన సంగతి కనబడదు, ఈలోపు రెండు వాక్యాలు ముందుకెళ్లిపోతాం. అందుకే ముందే ఒకసారి కలిసి పాత ప్రశ్నపత్రం పెట్టుకుని కనీసం ఒక్క జవాబైనా రాయించి చూసుకోవాలి. ఎక్కడ పేరా మార్చాలో ఎలా చెబుతాం, కొత్త పదానికి స్పెల్లింగ్ ఎప్పుడు చెబుతాం, ఎన్ని లైన్లకోసారి చదివి వినిపించమంటాం, ప్రశ్న మొత్తం ఒకేసారి చదవాలా ముక్కలుగా చదవాలా, ఇవన్నీ పరీక్ష హాల్లో మొదటిసారి తేల్చుకునే విషయాలు కావు. లెక్కలు, కెమిస్ట్రీ వాళ్లకైతే ఇది ఇంకా ఎక్కువ అవసరం. బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నోటితో చెప్పడం సాధన చేస్తే గానీ రాదు.

ఇంకో విషయం కాస్త గట్టిగానే చెప్పాలి. స్క్రైబ్ ఉన్నది మన జవాబు రాయడానికి, తన జవాబు రాయడానికి కాదు. 'నీకు తెలిస్తే నువ్వే రాసెయ్' అనేవాళ్లు కొద్దిమందే ఉంటారు, కానీ ఆ కొద్దిమంది దొరికిపోయినప్పుడు శిక్ష అక్కడితో ఆగదు. ఆ తర్వాతి సెమిస్టర్‌లో న్యాయంగా రాసే పిల్లల పక్కన కూడా ఇన్విజిలేటర్ కాపలాకు నిలబడతాడు, నోరు తెరిచి జవాబు చెప్పాలన్నా భయమేస్తుంది. దొంగ సర్టిఫికెట్ల సంగతీ అంతే. దివ్యాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని ఈ చట్టంలోని 91వ సెక్షన్ చెబుతోంది. అలాంటి మోసం ఒకటి బయటపడి వార్తల్లోకి ఎక్కినప్పుడల్లా బయటికి కనబడని వైకల్యం ఉన్నవాళ్ల మీద చూపులు మారిపోతాయి, 'నీకేం, బాగానే ఉన్నావుగా' అనడం మొదలవుతుంది.

ఆ కనబడని వైకల్యాల గురించే అసలు ఎక్కువ దిగులు నాకు. 1995 నాటి చట్టంలో 7 రకాలే ఉండేవి, ఇప్పటి చట్టం 21 రకాలను గుర్తించింది. చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక అభ్యసన ఇబ్బందులు, మానసిక అనారోగ్యం, ఆటిజం, రక్తానికి సంబంధించిన జబ్బులైన తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అన్నీ అందులో ఉన్నాయి. వీళ్లలో చాలామంది ఎవరికీ చెప్పరు. ఎందుకు చెప్పరో నాకు తెలుసు, చెబితే ఏమవుతుందో చూసినవాళ్లే కదా. క్లాసులో అందరికీ చెప్పనక్కర్లేదు, మీ జబ్బు కథ ఎవరికీ విప్పనక్కర్లేదు. కానీ కాలేజీలో దీనికి బాధ్యులైన ఒక్కరికైనా 'నాకు ఈ సాయం కావాలి, ఇదిగో కాగితం' అని చెప్పకపోతే వాళ్లు ఊహించి ఇవ్వలేరు. అటెండెన్స్ పడిపోయి కండొనేషన్ (హాజరు తక్కువైనవాళ్లు అడిగి తెచ్చుకునే మినహాయింపు) దాకా వచ్చాక చెప్పడం కంటే మొదటి నెలలో చెప్పడం మేలు. రైటర్స్ క్రాంప్‌తో, అంటే రాసేటప్పుడు కండరాలు బిగుసుకుపోయి, చేయి సహకరించని ఒక అభ్యర్థి వైకల్యం సౌకర్యాలకు హద్దుగా పెట్టిన 40 శాతం లెక్కకు అందదని స్క్రైబ్ నిరాకరిస్తే, ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2021 ఫిబ్రవరిలో గెలిచారు. దాని ఫలితంగానే 40 శాతం కంటే తక్కువ ఉన్నా రాయడం కష్టమైనవాళ్ల కోసం 2022 ఆగస్టులో కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. ఆయన నోరు విప్పి అడిగారు కాబట్టే ఇది ఎంతోమందికి దక్కింది.

అన్నట్టు, మన వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ మీద తేదీ చూసుకోండి. తాత్కాలికం అని రాసి ఉంటే గడువు ముగిసేదాకా ఆగకండి, స్లాట్ దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే.

పుస్తకాల దగ్గరా ఇదే తంతు. మాలాంటివాళ్లకు లెక్చరర్లు నోట్స్ పంపుతారు, తెరిచి స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్) వింటే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతుంది. కారణం అది 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లలో టైప్ చేసింది కావడమే, అది ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్ కాదు. సార్‌కు ఆ తేడా తెలియదు, కంటికి తెలుగు చక్కగా కనబడుతోంది కదా! 'ఫైల్ పనిచేయలేదు సార్' అని ఊరుకోకుండా యూనికోడ్‌లో ఎందుకు కావాలో చెప్పాల్సింది మనం. అలాగే పుస్తకాన్ని స్కాన్ చేసి టెక్స్ట్‌గా మారిస్తే తెలుగులో ఒత్తులు ఎగిరిపోతాయి, ఎవరో ఒకరు కూర్చుని పేజీ పేజీ దిద్దాలి. దానికి వారాలు పడుతుంది. సెమిస్టర్ మొదట్లోనే పుస్తకాల జాబితా ఇస్తే చదువుకునే టైముకు పుస్తకం చేతిలో ఉంటుంది. ఇంకొకటి, 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి దివ్యాంగులు చదువుకునే రూపంలోకి పుస్తకాలు మార్చుకునే వెసులుబాటు ఇచ్చారు. ఆ ఫైళ్లను క్లాసు గ్రూపులో అందరికీ ఫార్వర్డ్ చేయడం మాత్రం దయచేసి మానండి, అది మన కోసం ఇచ్చిన వెసులుబాటు. క్లాసు రికార్డింగులదీ అంతే, లెక్చరర్‌ను అడిగి రికార్డ్ చేసుకోండి, మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంటర్ దాకా అమ్మానాన్నలే వచ్చి ప్రిన్సిపాల్‌తో మాట్లాడేవారు. డిగ్రీకి వచ్చాక కూడా నాన్నగారు మాట్లాడుతుంటే పక్కన తలొంచుకుని నిలబడేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. నీకేం కావాలో నీకంటే బాగా ఎవరికి తెలుసు తమ్ముడూ, నువ్వే చెప్పు.

ఇలా రాస్తే కాలేజీలకు సాకు దొరుకుతుందని నా స్నేహితురాలు అంది. ఆ భయం నాకూ ఉంది. అందుకే స్పష్టంగా చెబుతున్నాను, ఆలస్యంగా అడిగినంత మాత్రాన హక్కు పోదు, కాలేజీ బాధ్యత తగ్గదు. నేను ముందుగా అడగమంటున్నదీ, కాగితం మీద అడగమంటున్నదీ అందుకే. తేదీ వేసి దరఖాస్తు ఇవ్వండి, కాపీ మీద సంతకం తీసుకోండి, లేదంటే మెయిల్ పెట్టండి. నోటిమాటగా అడిగితే రేపు 'మాకెవరూ చెప్పలేదు' అంటారు. కాపీ ఉంటే కాలేజీలోని విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ దగ్గరకైనా, అక్కడా పని జరగకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గరకైనా ధైర్యంగా వెళ్లొచ్చు.

యూనివర్సిటీలకు, కాలేజీలకు ఒక్క విన్నపం. అడ్మిషన్ రోజున ఇచ్చే కాగితాల్లోనే ఎవరిని అడగాలో, ఎప్పటిలోగా అడగాలో ఒక పేజీ రాసి ఇవ్వండి. పరీక్ష దరఖాస్తులోనే స్క్రైబ్ కావాలా అన్న గడి ఒకటి పెట్టండి. మీ పత్రికకు కూడా ఒక కోరిక. పరీక్ష ఫీజు చివరి తేదీలు ఎలాగూ ప్రతి సెమిస్టర్ ప్రచురిస్తారు, ఆ వార్తలోనే స్క్రైబ్, అదనపు సమయం కోసం దరఖాస్తు ఎప్పటిలోగా ఇవ్వాలో కూడా కనుక్కుని ఒక లైను వేయండి.

ఇట్లు,
ఒక పీజీ విద్యార్థి