మీ ఇంటికి మెరక ఎంత దూరం?

అవనిగడ్డ,
కార్తిక బహుళ పాడ్యమి.

చి. ల. సౌ. లావణ్యను నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, బుజ్జిగాడు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తలుస్తాను అని రాయడం ఎందుకంటే నీ దగ్గర నుంచి ఫోను వచ్చి నేటికి ఇరవై మూడు రోజులైంది. లెక్కపెట్టింది నేను కాదు, మీ అమ్మ.

ఈ ఉత్తరం ప్రత్యేకమైన కారణం ఏదీ పెట్టుకుని రాయడం లేదు. మొన్న శేషగిరి బాబాయి మనవరాలి సీమంతానికి బందరు వెళ్ళినప్పుడు, బంతిలో నా పక్కన కూర్చున్న ఆయన మాటల మధ్య "మీ అమ్మాయి హాలెండులో ఇల్లు కొంటోందటగా, కాగితాలు కూడా అయిపోయాయట" అన్నాడు. నేను ఆ సంగతి నాకెప్పుడో తెలిసినట్టు తల ఊపి, చేతిలో ఉన్న గారె తినేశాను. అది నిజమా కాదా అని అడగడానికి ఈ కలం పట్టలేదు. నువ్వుంటున్న వీరింగర్‌మేర్ గురించి ఈ రెండు నెలలుగా నేను చదివి, మన పాత డైరీలో రాసిపెట్టుకున్న విషయాలు కొన్ని నీతో చెప్పాలనిపించింది. 2012 నుంచి ఆ పురపాలక సంఘం హాలెండ్స్ క్రోన్ అనే పెద్ద సంఘంలో కలిసిపోయిందని తెలుసు గానీ, నాకు పాత పేరే బాగుంది. ఆ పేరులోని మేర్ అంటే చెరువే కదా.

ముప్పై నాలుగేళ్ళు కరకట్టల మీదా మురుగు కాల్వల మీదా ఉద్యోగం చేసినవాడిని గనుక, నేను ముందుగా చూసేది నీళ్ళు ఎటు పోతాయన్నదే. మీ ఊళ్ళు నిలబడిన నేల ఒకప్పుడు జౌడర్‌జే అనే సముద్రపు పాయ అడుగు. లేలీ అనే ఇంజనీరు వేసిన పథకం ప్రకారం దాని చుట్టూ కట్ట పోసి, నీళ్ళు తోడి, 1930 ఆగస్టులో సుమారు ఇరవై వేల హెక్టార్ల నేలను బయటికి తీశారు. సముద్రానికి అడ్డంగా వేసిన ఆ పెద్ద కట్ట, మనం కారులో దాటామే, ఆఫ్‌స్లౌట్‌డైక్, అది పూర్తయింది 1932లో. అంటే రెండేళ్ళ పాటు మీ నేలకూ పోటు మీద ఉన్న ఉప్పు సముద్రానికీ మధ్య ఉన్నది ఒక్క కట్టే. ఇంతటి సాహసం చేసినవాళ్ళు రెండు జాగ్రత్తలు తీసుకున్నారు. మేడెమ్‌బ్లిక్ దగ్గర పెట్టిన పంపులను కరెంటుతో, డెన్ ఊవర్ దగ్గరవాటిని డీజిలుతో నడిచేలా కట్టారు. ఒకటి ఆగితే రెండోది ఆదుకుంటుందని. రెండో జాగ్రత్త, కట్ట తెగితే జనం ఎక్కడానికి వీరింగర్‌వెర్ఫ్ దగ్గర పొలాల మధ్య ఒక మట్టిదిబ్బ పోసి ఉంచారు. నువ్వు ఆ దిబ్బను చూపించి "ఇది కొండ నాన్నా, ఇక్కడివాళ్ళకి ఇంతే" అని నవ్వావు. నేను అప్పుడే అనుకున్నాను, అది కొండ కాదు, మెరక అని. మన దివిసీమలో 1977 ఉప్పెన తరువాత గానీ తుఫాను షెల్టర్లు లేవలేదు. వాళ్ళు మొదటి పంట వెయ్యకముందే మెరక సంగతి ఆలోచించారు.

ఆ మెరకకూ ఇప్పుడు మీరుంటున్న అద్దె ఇంటికీ ఎంత దూరమో నాకు తెలుసు. కొత్తగా ఎక్కడికైనా మారే ఆలోచన ఉంటే, అక్కడి నుంచి ఎంత దూరమో మాత్రం తెలియదు.

ఆ నేల మొదట్లో వట్టి చౌడు. ప్రభుత్వం దాన్ని వెంటనే రైతుల చేతిలో పెట్టలేదు. అంతకు ముందే ఆండైక్ దగ్గర నలభై హెక్టార్ల చిన్న కట్ట వేసి, సముద్రపు నేలలో ఉప్పు ఎలా విరుగుతుందో, ఏ పైరు నిలుస్తుందో పరీక్షించి, ఆ తరువాత ఇక్కడ తానే కాల్వలు తవ్వించి, వానతో ఉప్పు కడిగించి, కొన్నేళ్ళు సాగు చేసి, అప్పుడు ఏరి ఏరి ఎంచుకున్న రైతులకు కౌలుకిచ్చింది. బాపట్లలో నువ్వు చదివిన చదువంతా అక్కడివాళ్ళు ముందే పొలంలో రాసిపెట్టారన్నమాట. ఈ ఓపిక మనకు లేదని నేను పదిమందికి చెప్పాను. ఏ పని చేసినా ముందు చిన్న ముక్కలో పరీక్ష చేసి చూడాలి. ఇల్లైనా అంతే, ఒక చలికాలం అద్దెకుండి, గోడ చెమ్మ పడుతుందా, కింద గదిలో నీరు ఊరుతుందా చూసిన తరువాతే... సరే, ఇది నేను చెప్పదలచుకున్నది కాదు.

యుద్ధం సంగతి చెప్పాలి. స్లోట్‌డోర్ప్‌కు అవతల, ఒంటరిగా ఒక పెద్ద భవనం దగ్గర కారు ఆపి నువ్వు ఫోనులో మాట్లాడావు, గుర్తుందా? అక్కడ 1934లో, హిట్లరు దేశం నుంచి పారిపోయి వచ్చిన యూదు పిల్లల కోసం ఒక పని గ్రామం పెట్టారు. సేద్యం, తోటపని, వడ్రంగం నేర్చుకుని పాలస్తీనాకో మరో దేశానికో వెళ్ళి బతకాలన్నది ఉద్దేశం. పట్నాల్లో పుట్టి పెరిగిన పిల్లలు ఆ ఉప్పు నేలలో పార పట్టడం నేర్చుకున్నారు. 1941 మార్చి 20న జర్మనులు వచ్చి, పశువులనూ పంటలనూ చూసుకోవడానికి కొద్దిమందిని ఉంచి, మిగిలిన వాళ్ళను బస్సులెక్కించి ఆమ్‌స్టర్‌డామ్ పంపేశారు. జూన్‌లో క్లౌస్ బార్బీ అనే అధికారి అక్కడి యూదు పెద్దల దగ్గరకు మర్యాదగా వెళ్ళి, పిల్లలు మళ్ళీ తమ గ్రామానికి పోవచ్చు, వాళ్ళ చిరునామాల జాబితా ఇవ్వండి అన్నాడు. వాళ్ళు నమ్మి ఇచ్చారు. ఆ జాబితా పట్టుకుని జూన్ 11న ఇళ్ళ మీద పడ్డారు. ఆ రోజు ఆమ్‌స్టర్‌డామ్‌లో పట్టుకున్న యూదు యువకులు సుమారు మూడు వందల మంది. వాళ్ళలో ఈ గ్రామపు పిల్లలూ ఉన్నారు. అందరినీ నాజీల మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి పంపారు. తిరిగి రాలేదు.

అందుకే తల్లీ, ఎవరు ఎంత మర్యాదగా అడిగినా కాగితం ఇచ్చే ముందు, సంతకం పెట్టే ముందు ప్రతి అక్షరం చదవాలి. బ్యాంకువాళ్ళు నవ్వుతూ కాఫీ ఇచ్చి ముప్పై ఏళ్ళ అప్పు చేతిలో పెడతారు. ఆ పిల్లల కథ పక్కన ఈ మాట రాయడం తప్పని రాశాక తెలిసింది. కొట్టివేస్తే ఉత్తరం చూడటానికి బాగుండదని వదిలేశాను, మన్నించు.

ఇక 1945 ఏప్రిల్ 17. ఇది నేను పుస్తకాలు తిరగెయ్యకముందే మీ వీధి చివరి ముసలాయన నోట విన్నాను. నీకు గుర్తుందనే అనుకుంటాను, ఎందుకంటే మా ఇద్దరి మధ్యా దుబాసీవి నువ్వే. ఆయన మమ్మల్ని కట్ట మీదికి తీసుకెళ్ళి, తిన్నగా పోవలసిన కట్ట ఒక్కసారిగా వంపు తిరిగిన చోట నిలబెట్టి, ఆ వంపులో ఉన్న మడుగులను చూపించి పది నిమిషాలు మాట్లాడితే, నువ్వు "ఇక్కడే కట్ట పేల్చారట నాన్నా, అప్పుడు ఆయనకు ఆరేళ్ళట" అని రెండు ముక్కల్లో తేల్చేశావు. మిగిలిన తొమ్మిది నిమిషాల మాటలు ఏమయ్యాయని నేను అడిగితే, "అదే నాన్నా" అన్నావు. నేను వదలలేదు. ఆ రోజు సాయంత్రం ఆయన ఇంట్లో కాఫీ చల్లారిపోయేదాకా నీ చేత మాట మాట చెప్పించుకున్నాను. ముందుగా హెచ్చరిక రావడంతో ఆయన తండ్రి గుర్రాన్ని బండికి పూన్చి, ఆవులను కట్ట దారి పట్టించి, గింజ బస్తాలు ఎన్ని పడితే అన్ని ఎక్కించాడు. తల్లి మాత్రం బయలుదేరదు. చీపురూ బకెట్టూ పట్టుకుని వంటింటి నేల కడుగుతూ ఉంది. సాయంత్రానికి నీళ్ళు వచ్చే ఇంటిని ఎందుకమ్మా కడుగుతున్నావని తండ్రి అరిస్తే, ఎవరైనా వచ్చి చూస్తే మురికి ఇల్లనుకుంటారు అందట. ఆయన ఇది చెప్పి నవ్వాడు, నువ్వు కూడా నవ్వావు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మ కూడా 1977 ఉప్పెన వచ్చిన రోజు మధ్యాహ్నం కోడూరులో వాకిలి అలికి, ముగ్గు వేస్తూ ఉండిపోయింది. తరువాత పెద్దన్నయ్య చెప్పాడు. కోడూరు అత్త పక్కనే ఉండి నవ్విందట. అత్త సంగతి ఆ సాయంత్రం నేను చెబితే, నువ్వు డచ్చిలో ఏదో చాలా చిన్నగా అన్నావు. అంతా చెప్పావో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆయన మాత్రం లేచి వెళ్ళి ఇంకో కాఫీ తెచ్చాడు.

ఆ తరువాత చదివి తెలుసుకున్నవి ఇవి. మధ్యాహ్నం పన్నెండు దాటగానే జర్మనులు కట్టను రెండు చోట్ల పేల్చారు. మిత్రసైన్యాలు విమానాల్లో వచ్చి ఆ చదును నేల మీద దిగుతాయని భయపడి చేశారంటారు. నీళ్ళు నిండడానికి రెండు రోజులు పట్టడం వల్ల జనం బయటపడ్డారు. మునిగి చనిపోయినవారు లేరు. ఇళ్ళను మాత్రం నీళ్ళ కంటే గాలి ఎక్కువ చంపింది. ఆ నీటి మీద పెనుగాలికి లేచిన అలలు గోడలనూ కొట్టాలనూ కూల్చేశాయి. యుద్ధం ఇంకో పద్ధెనిమిది రోజుల్లో ముగుస్తుందనగా జరిగింది ఈ పని. అంతకు ముందు చలికాలమంతా ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఆకలితో సైకిళ్ళ మీదా కాలినడకనా గింజల కోసం వచ్చినవాళ్ళకు ధాన్యం ఇచ్చిన నేల అది. ఇందులో ఏ యుద్ధనీతి ఉందో చదువుకున్నవాళ్ళు చెప్పాలి.

కానీ ఒక్క సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పెద్ద కట్ట వేసిన తరువాత ఆ జౌడర్‌జే ఐసెల్‌మేర్ అనే మంచినీటి చెరువుగా మారిపోయింది కదా. అందుకని 1945లో మీ పొలాల మీదికి వచ్చింది ఉప్పు నీరు కాదు. డిసెంబరు 11 నాటికి నీళ్ళు తోడేశారు, మరుసటి ఏడాది పంట వేశారు. ఉప్పెనలో ఉప్పు నీరు ఎక్కిన మన పల్లపు చేను సంగతి నీకు తెలుసు. జిప్సం తోలించి, వానాకాలం నీళ్ళు కట్టి వదిలి, కట్టి వదిలి, దమ్ము చేసి, అది మళ్ళీ పాత దిగుబడికి రావడానికి మా నాన్న ప్రాణం చాలలేదు. ఈ తేడాను మొదట చదివినప్పుడు అసూయగా అనిపించింది. తరువాత, మా అమ్మాయి ఉన్నది మంచినీటి పక్కన, అంత వరకు నయం అనుకున్నాను. కాబట్టి నీళ్ళకు భయపడి ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోకు. సముద్రమట్టానికి నాలుగు మీటర్లకు అటూఇటూగా దిగువన వంటగది పెట్టుకుని నిశ్చింతగా నిద్రపోయేవాళ్ళను చూశాక నాకూ ధైర్యం వచ్చింది.

ముప్పై ఏళ్ళ అప్పు అన్నది మాత్రం లెక్క వేశాను. అది తీరేసరికి నాకు సరిగ్గా వందేళ్ళు. అప్పటికి మన పెంకుటిల్లు ఎలా ఉంటుందో, పెరట్లో ఉసిరి చెట్టుకు నీళ్ళు ఎవరు పోస్తారో అన్నవి వేరే విషయాలు, ఇక్కడ అనవసరం. కొంటే కొనండి. కొనే ముందు పునాది కింద చెక్క గుంజలున్నాయో కాంక్రీటు గుంజలున్నాయో అడిగి తెలుసుకోండి. అల్లుడుగారికి మొహమాటం ఎక్కువ, నువ్వే అడుగు.

గోంగూర, ఉసిరికాయ పచ్చళ్ళు రెండేసి సీసాలు, కందిపొడి, బుజ్జిగాడికి రాగిపిండి కట్టి ఉంచాం. ఏ చిరునామాకు పంపాలో తెలియక ఆగాం. టమాటాల గ్లాసు ఇళ్ళలో వేడికి చెమట పట్టి, ఆ వెంటనే చలిగాలిలోకి రాకు. పోయిన ఏడాది దగ్గు నెల రోజులుంది. చెవులకు గుడ్డ కట్టుకుంటే ఆ దేశంలో ఎవరూ ఏమీ అనుకోరు.

ఇట్లు, ఆశీస్సులతో,
నాన్న.

తా. క. మీ అమ్మ ఇప్పుడే చదివి, ఇంత చరిత్ర ఎవరడిగారు, ఇల్లు సంగతి సూటిగా అడగకూడదా అంటోంది. నేను అడగను. నీకు పని ఒత్తిడి ఉంటుంది, ఫోను కూడా చెయ్యనక్కరలేదు. కొత్త ఇంటికీ ఆ మెరకకూ ఎంత దూరమో ఒక్క మెసేజ్ పెట్టు చాలు. కిలోమీటర్లలో వద్దు. బుజ్జిగాడిని ఎత్తుకుని నడిస్తే ఎన్ని నిమిషాలు పడుతుందో రాయి.