ఆదివారం ఆట, దానికి ముందు తపాలా బిళ్ళల ముచ్చట

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు మన అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట) కొత్త కథను మొదలుపెడుతున్నాం కాబట్టి, వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయగలరు.

ఆటకు ముందు ఒక అరగంట తపాలా బిళ్ళల గురించి మాట్లాడుకుందాం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో మొదట 1,000 ప్రతులు మాత్రమే అచ్చయిన ఈ ఆటకు 50 ఏళ్ళు నిండిన సందర్భంగా, అమెరికా తపాలా శాఖ 2024 ఆగస్టు 1న ఇండియానాపొలిస్‌లోని జెన్ కాన్ అనే ఆటల వేడుకలో 10 రకాల బిళ్ళలను విడుదల చేసింది. ఇది దయ్యాల పూజ నేర్పే ఆట అని 1980లలో అదే దేశంలో పెద్ద ప్రచారం జరిగింది; అటువంటి ఆటలోని డ్రాగన్ ఇప్పుడు ఉత్తరాల మీద ఊరూరా తిరగడం నాకెంతో సంతోషంగా ఉంది. పాచికలు కనబడగానే జూదమని భయపడే మన ఇంటి పెద్దలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ప్రతి ఒక్కరూ తమ పాత్ర వివరాల కాగితాన్ని పూర్తిచేసి, పెన్సిలు, ఏడు పాచికల సెట్టు వెంట తెచ్చుకోవాలి. లేనివారి కోసం నా దగ్గర రెండు సెట్లు అదనంగా ఉన్నాయి. కొత్తవారు ముందుగా నాకు సందేశం పంపితే శనివారమే కూర్చుని పాత్రను సిద్ధం చేసుకుందాం.

మరొక్క మాట: పోయినసారి టీ ఒలికి పటం తడిసిపోయింది కనుక, ఈసారి కప్పులు, నీళ్ళ సీసాలు పక్క బల్ల మీదే ఉంచాలి.